కరెంటు పోయిన ఆదివారం

మా తాతయ్య కుడి అరచేతిలో రూపాయి బిళ్ళంత కాలిన మచ్చ ఉండేది. పెళ్ళి కాకముందు, పొన్నూరులో దీపావళికి మందు నూరుతుంటే అంటుకుందట. చిన్నప్పుడు దాని మీద వేలితో రాస్తే ఎండిన నిమ్మతొక్కలా గరుగ్గా తగిలేది. ఎవరైనా నా దగ్గర అమెరికా అంతరిక్ష సీరియల్ స్టార్ ట్రెక్ మాటెత్తితే నాకు ముందు గుర్తొచ్చేది అందులోని ఓడ కెప్టెన్ కిర్కూ కాదు, పొడుగు చెవుల స్పాకూ కాదు, ఆ మచ్చ.

ఎనభైల్లో మేం గుంటూరు బ్రాడీపేటలో ఉండేవాళ్ళం. పెంకుటిల్లు. ముందు పొడుగు వసారా, వెనక బావి, బావి పక్కన కరివేపాకు చెట్టు. తాతయ్య, నాయనమ్మ, అమ్మానాన్నలు, ఇంకా పెళ్ళికాని బాబాయ్, నేను, చెల్లి. టీవీ కొన్నది బాబాయ్. పొగాకు కంపెనీలో గుమాస్తా ఉద్యోగం ఆయనది. ఒక ఏడు వచ్చిన బోనస్ మొత్తం పెట్టి బ్లాక్ అండ్ వైట్ డయనోరా తెచ్చాడు. చెక్కపెట్టె, దానికి అటూ ఇటూ జరిపే తలుపులు. నాయనమ్మ దాని మీద తెల్ల లేసు గుడ్డ కప్పి, పైన ఇత్తడి వేణుగోపాలస్వామిని పెట్టింది. యాంటెన్నా పెరట్లో ఇనప గొట్టానికి కట్టి ఉండేది. బొమ్మ చెదిరితే గొట్టం తిప్పే పని నాది. లోపల్నుంచి చెల్లి "వచ్చింది, వచ్చింది, ఆ... పోయింది" అని అరిచేది. అందుకని మొదటి అయిదు నిమిషాల కథ నేను ఏ వారమూ సరిగా చూడలేదు.

స్టార్ ట్రెక్ ఆదివారం పొద్దున వచ్చేది. అప్పటికింకా రామాయణం సీరియల్ మొదలు కాలేదు. 1987 జనవరి 25 నుంచి ఆదివారం పొద్దున ఊరంతటిదీ అయిపోయింది, వీధులు ఖాళీ అయ్యేవి. అంతకు ముందు ఆదివారాలు మాత్రం మా వసారావి. పక్కింటి పిల్లలూ, ఎదురింటి మేష్టారూ, మేమూ. తలంటు పోసుకుని తడి జుట్టుతో కూర్చునేవాళ్ళం. కుంకుడుకాయ పులుసు పడి మండే కళ్ళతోనే ఆ ఓడని చూశాను నేను, చాలాసార్లు.

ఇంగ్లీషు మాలో ఎవరికీ రాదు, బాబాయ్‌కి తప్ప. ఏ.సి. కాలేజీలో బీయస్సీ చదివాడు. తెర పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని ఎప్పటికప్పుడు తెలుగులో చెప్పేవాడు. స్పాక్ ఒక ముక్క మాట్లాడితే బాబాయ్ తెలుగు నాలుగు ముక్కలయ్యేది. ఉన్నచోట మాయమై ఇంకో గ్రహం మీద తేలడం నాయనమ్మకి వింత కాలేదు, నారదుడు చేసేదీ అదేగా అంది. ఆవిడకి వింతగా తోచింది స్పాక్ చెవులు. "అంత పొడుగు చెవులుండి వాటికి కుట్టు లేదేమిట్రా, వాళ్ళమ్మకి తీరిక దొరకలేదా" అని ప్రతి వారం అడిగేది. ఆ ముసలావిడ అతని చెవుల గురించి నిజంగానే బాధపడేది.

తాతయ్య మాత్రం చూసేవాడు కాదు. పడక్కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని ఉండేవాడు. ఒక్క ఆదివారం లేచి వచ్చాడు. నేను చెప్పాలనుకున్నది ఆ ఆదివారం గురించే.

ఆ వారం కథ పేరు 'అరీనా' అని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అమెరికాలో అది మొదట ప్రసారమైంది 1967 జనవరి 19న, అంటే మా ఇంటికి రావడానికి దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది. భూమివాళ్ళ స్థావరాన్ని ఎవరో ధ్వంసం చేస్తారు. కిర్క్ ఓడ ఆ శత్రువుని తరుముకుంటూ వెళ్తుంది. మధ్యలో మెట్రాన్లని ఇంకో జాతి కలగజేసుకుని రెండు ఓడల్నీ కదలనివ్వకుండా ఆపేసి, ఇద్దరు నాయకుల్నీ ఒక బంజరు గ్రహం మీద దింపుతుంది. చేతిలో ఆయుధాలుండవు. గెలిచినవాడి ఓడ బతుకుతుంది, ఓడినవాడి ఓడ పోతుంది. కిర్క్ ఎదుట నిలబడ్డవాడు గోర్న్. తొండ మొహం, పొలుసుల ఒళ్ళు, చెక్కిన రాళ్ళలా మెరిసే కళ్ళు. కదలిక నెమ్మది, కానీ మనిషంత బండని ఎత్తి విసిరేస్తాడు. చెల్లి అమ్మ కొంగులో దూరింది.

కిర్క్ కొండల్లో పడి పరిగెడుతూ నేల మీద ఏవో పొడులు చూస్తాడు. మా టీవీలో రంగుల్లేవు. తెల్లటిదొకటి, నల్లటిదొకటి, ఇంకొకటి బూడిద రంగులో. బాబాయ్ సల్ఫర్ అన్న మాట విని దానికి తెలుగు వెతుక్కుంటున్నాడు. ఈలోపు పడక్కుర్చీలోంచి తాతయ్య గొంతు వినబడింది.

"అది గంధకం."

అందరం వెనక్కి తిరిగాం. ఆయన లేచి నిలబడి ఉన్నాడు.

"ఆ తెల్లటిది సూరేకారం. ఆ నల్లది బొగ్గు. వాడు మందు కలుపుతున్నాడ్రా!"

తాతయ్య వచ్చి టీవీకి జానెడు దూరంలో నిలబడ్డాడు. మాకు సగం తెర కనబడ్డం లేదు, ఎవరం నోరెత్తలేదు. ఏటా దసరా వెళ్ళగానే మా పెరట్లో జిల్లేడు కట్టెలు కాల్చి బొగ్గు చేసేవాడాయన. చిచ్చుబుడ్లు, మతాబులు, జువ్వలు అన్నీ ఇంట్లోనే. కొన్నది కాలిస్తే అది పండగే కాదనేవాడు. ఇంగ్లీషు అక్షరం ముక్క రాని మనిషికి ఆ రోజు బాబాయ్ తెలుగు అక్కర్లేకపోయింది. పైగా కిర్క్‌ని కోప్పడ్డం మొదలుపెట్టాడు. "అట్టా పొడిగా రాతితో నూరతారా? నిప్పు రేగుద్ది! తడి చెయ్యాలి, తడి!" కిర్క్ వెదురు గొట్టంలో మందు కూరి, పైన వజ్రాలు పోస్తుంటే మాత్రం "గొట్టం ఆగుద్దా?" అని తనలో తను అనుకున్నట్టు అడిగాడు. గొట్టం చుట్టూ తాడు బిగించడం చూశాక "ఆఁ" అన్నాడు.

నిప్పంటుకుంది. తెరంతా పొగ. గోర్న్ వెనక్కి పడ్డాడు. కిర్క్ వాడి రాతికత్తి లాక్కుని వాడి మీదికి వంగాడు.

కరెంటు పోయింది.

తెర నడుమ తెల్లటి చుక్కొకటి మిగిలి, అదీ ఆరిపోయింది. వసారాలో అయ్యో అన్న అరుపు బయట వీధి దాకా వినబడి ఉంటుంది. కాసేపటికి అందరం ఒకేసారి మాట్లాడాం. చంపేశాడన్నాను నేను. బాబాయ్ కూడా చంపేశాడనే అన్నాడు, ఓడలో నాలుగు వందల ముప్ఫై మంది ప్రాణాలున్నాయి, చంపక ఏం చేస్తాడన్నాడు. ఎదురింటి మేష్టారూ మా వైపే. తాతయ్య ఒక్కడే అడ్డంగా తల ఊపాడు.

"చంపడు."

"నీకెట్టా తెలుసు నాన్నా?" అన్నాడు బాబాయ్.

"మందు నూరేటప్పుడు వాడి చెయ్యి చూశావా? వణుకుతోంది. అది ఏం చేస్తదో వాడికి తెలుసు. దగ్గరికెళ్ళి, కాలి పడున్నవాణ్ణి కళ్ళతో చూశాక ఇంక పొడవలేడు."

కరెంటు రెండు గంటల తర్వాత వచ్చింది. మర్నాడు బళ్ళో అడిగితే నలుగురు నాలుగు ముగింపులు చెప్పారు. అందులో ఒకడింట్లో టీవీయే లేదు, వాడు చెప్పిందే అన్నింటికంటే బావుంది. ఆ భాగం మళ్ళీ వేస్తారని ఎదురుచూశాం. మా కంటికి మళ్ళీ పడలేదు. 1990లో తాతయ్య పోయాడు. ఆ కథ ఏమైందో తెలియకుండానే పోయాడు.

అభిమానం అన్న మాట వాడేటప్పుడు నాకు ఈ తేడా ఎప్పుడూ తగులుతుంది. అమెరికాలో స్టార్ ట్రెక్ అభిమానులు పుట్టిన తీరు వేరు. అక్కడది మూడే మూడు సీజన్లు, 79 భాగాలు నడిచి 1969 జూన్‌లో ఆగిపోయింది. ఇంకో నెలన్నరకి మనిషి చంద్రుడి మీద దిగాడు. సీరియల్ ఆపేస్తారేమోనని 1968లో ప్రేక్షకులు ఉత్తరాలు రాసి మూడో సీజన్ తెప్పించుకున్నారు. అయినా అసలు బలం వచ్చింది ఆగిపోయాకే. ఊరూరా స్టేషన్లు ఆ 79 భాగాల్నే తిప్పి తిప్పి వేస్తుంటే, బడి నుంచి వచ్చిన పిల్లలు వాటిని చూసి చూసి మాటలన్నీ కంఠతా పట్టేశారు. వాళ్ళది పదేపదే చూసినదాని మీద ప్రేమ. మాది ఒక్కసారి చూసి, అదీ సగం చూసి, మిగతాది మేమే అల్లుకున్నదాని మీద ప్రేమ. ఆ సీరియల్ మాకొచ్చేసరికి రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్‌లో అంతరిక్షానికి వెళ్ళొచ్చేశాడు కూడా. వాళ్ళు చంద్రుడి కంటే ముందు కిర్క్ ఓడ ఎంటర్‌ప్రైజ్‌ని చూశారు, మేం మనవాడొకడు పైకి వెళ్ళొచ్చాక చూశాం. అందుకేనేమో, కిర్క్ చేసేవేవీ మాకు అసాధ్యంగా కనబడలేదు.

మా ఇంట్లోనే తరం మారడానికి అయిదేళ్ళు చాలింది. చెల్లికి స్టార్ ట్రెక్ అంటే ఆ తొండ మొహం భయం ఒక్కటే మిగిలింది. దాని ప్రాణం జెయింట్ రోబో మీద ఉండేది. జపాన్‌లో తీసిన సీరియల్ అది. చివరి భాగంలో రోబో శత్రువుని ఆకాశంలోకి ఎత్తుకుపోయి తానూ పేలిపోతే, చెల్లి ఆ పూట అన్నం తినలేదు. తర్వాత 1989లో ఇంద్రధనుష్ వచ్చింది, పిల్లలు కాలంలో వెనక్కి ప్రయాణం చేసే కథ, గిరీశ్ కర్నాడ్ నటించాడు. ఇప్పటికీ ఫోన్‌లో మాట్లాడుకుంటే "మీ స్టార్ ట్రెక్ కంటే మా ఇంద్రధనుష్ గొప్ప" అంటుంది. మా పిన్ని కొడుకు మాకంటే పదిహేనేళ్ళు చిన్న. వాడికి ఇవేవీ తెలియవు, వాడి వీరుడు మిలింద్ సోమన్ వేసిన కెప్టెన్ వ్యోమ్. ముగ్గురం ఒకచోట కూర్చుంటే ఒకరి ఆకాశం ఇంకొకరికి కనబడదు.

2009లో నేను హైదరాబాద్‌లో ఉన్నాను. అమెరికా నుంచి వచ్చిన స్నేహితుడొకడు మొదటి సీజన్ బ్లూరే డిస్కులు తెచ్చిచ్చాడు. ఆ రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక 'అరీనా' ఒక్కటే పెట్టుకున్నాను. మొదటి దెబ్బ రంగులు. నా గోర్న్ బూడిద రంగువాడు. వీడు పచ్చగా ఉన్నాడు. రెండోది ఇంకా వింతగా తోచింది, వాడు కళ్ళు ఆర్పుతున్నాడు. నాకు తెలిసిన గోర్న్ ఎప్పుడూ రెప్ప వేయలేదు. తర్వాత చదివితే తెలిసింది: సీరియల్‌కి నలభై ఏళ్ళు నిండిన సందర్భంగా 2006 నుంచి పాత భాగాలన్నిటికీ కంప్యూటర్ మెరుగులు దిద్దారు. ఓడలు, గ్రహాలు కొత్తగా గీశారు. వా చాంగ్ అనే శిల్పి చేసిన ఆ రబ్బరు తలకి కనురెప్పలు తగిలించారు. డిస్కులో పాత రూపమూ, కొత్త రూపమూ రెండూ ఉంటాయి, కావలసింది ఎంచుకోవచ్చు. వెంటనే పాతదానికి మార్చుకున్నాను. మెరుగు దిద్దినవాళ్ళు శ్రద్ధగానే చేశారు, నాకు వాళ్ళ మీద కోపం లేదు. కానీ ఆ రెప్ప పడ్డప్పుడల్లా మా వసారాలో ఎవరో కొత్త మనిషి వచ్చి కూర్చున్నట్టుంది.

ముగింపు చూశాను. కిర్క్ కత్తి ఎత్తి, పొడవకుండా ఆగిపోతాడు. స్థావరం మీద పడ్డప్పుడు ఇతను తన చోటుని కాపాడుకుంటున్నాననే అనుకుని ఉంటాడని, చంపనని చెప్తాడు. మెట్రాన్ ప్రత్యక్షమై, మీ జాతి నుంచి ఈ దయ ఎదురుచూడలేదంటాడు. ఆ కథకి మాటలు రాసిన జీన్ కూన్ యుద్ధకాలంలో అమెరికా మెరైన్లలో పనిచేసిన మనిషి. పొన్నూరులో మందు నూరిన మా తాతయ్యా, యూనిఫాం వేసిన ఆయనా ఒకరి ముక్క ఒకరికి తెలియకుండా ఒకే చోటికి వచ్చారు. డిస్కు ఆపేసి చాలాసేపు చీకట్లో కూర్చున్నాను. బాబాయ్‌కి ఫోన్ చేద్దామనుకుని మానేశాను. ఫోన్‌లో చెప్పే సంగతి కాదు, చూపించాలి అనిపించింది. ఆ చూపించడం పద్నాలుగేళ్ళు వాయిదా పడింది.

మావాడు 2003లో పుట్టాడు. చిన్నప్పుడు నా పక్కన కూర్చోబెట్టుకుని చూపించబోతే ఓపిక పట్టలేదు, నేనూ బలవంతపెట్టలేదు. స్నేహితులు కొందరు ఆ తప్పు చేశారు. వాళ్ళ పిల్లలకి పాత సీరియళ్ళంటే ఇప్పుడు హోంవర్కుతో సమానం. మావాడు ఇంజనీరింగ్‌లో ఉండగా 2022లో స్టార్ ట్రెక్ కొత్త సీరియల్ చూసి, వాడంతట వాడే ఆ లోకంలోకి వచ్చాడు. ఎంత సంతోషపడ్డానో! అందులోనూ గోర్న్‌లున్నారు. నేనూ కూర్చున్నాను. పది నిమిషాలకే నా మనసు విరిగింది. ఈ గోర్న్‌లు మాట్లాడరు. వేటాడతారు, మనుషుల ఒంట్లో గుడ్లు పెడతారు, పిల్లలు ఒళ్ళు చీల్చుకుని బయటికొస్తాయి. మావాడు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఆ రాత్రి పాత 'అరీనా' పెట్టి చూపిస్తే, "నాన్నా, ఇదా గోర్న్?" అని నవ్వాడు. పొడుచుకున్నట్టయింది.

"వీడికో బాధ ఉందిరా. తన చోటు తనకి కావాలన్నాడు. అందుకే కిర్క్ వదిలేశాడు. మీవాళ్ళకి బాధేదీ? ఉత్త జంతువులు. వాళ్ళని వదిలెయ్యడంలో అర్థమేముంది?" అన్నాను. గొంతు కొంచెం పెరిగింది.

వాడు వెంటనే జవాబివ్వలేదు. మర్నాడు కాఫీ దగ్గర అన్నాడు. "నువ్వు చెప్పింది రాత్రంతా ఆలోచించాను నాన్నా. మీ గోర్న్‌ని చూస్తే నాకు భయం వెయ్యలేదు. భయం లేనప్పుడు క్షమించడం తేలికే కదా. మా గోర్న్‌లని చూశాక నీ కథ చూస్తే, కిర్క్ ఎంత పెద్ద పని చేశాడో అప్పుడు తెలిసింది."

కొత్త సీరియల్ నాకు ఇప్పటికీ నచ్చదు. గోర్న్‌ని మాటలేని మృగం చెయ్యడం తప్పనే నా నమ్మకం. కానీ మావాడు వాడి దారిన వచ్చి అదే కత్తి ముందు నిలబడ్డాడు. నా దారిన రమ్మని నేనెందుకు అడగాలి? నా దారిలో కరెంటు పోవాలి, పడక్కుర్చీలోంచి ఒకాయన లేవాలి. అవి వాడికి నేను ఇవ్వలేను.

2023లో దీపావళి నవంబరు 12న, ఆదివారం వచ్చింది. గుంటూరు వెళ్ళాం. పెంకుటిల్లు పోయి చాలా ఏళ్ళయింది. ఆ చోట ఇప్పుడు అపార్టుమెంటు, అందులో రెండో అంతస్తు బాబాయ్‌ది. ఆయనకి డెబ్భై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. పిన్ని అరిసెలు పెట్టింది. మావాడు డిస్కు బయటికి తీసి, "చిన్నతాతయ్యా, నీకొకటి చూపిస్తాం" అన్నాడు. బొమ్మ పడగానే బాబాయ్ పోల్చుకున్నాడు. కుర్చీ ముందుకి జరుపుకున్నాడు, ఒకప్పుడు ముక్కాలిపీట వేసుకున్న చోటే అన్నట్టు, తెరకి పక్కగా.

గోర్న్ బుసకొడుతూ మాట్లాడే చోట నేను ఆపించాను. నాకు అనుమానం ఎప్పట్నుంచో ఉంది. ఈ చోట గోర్న్ "మా పిల్లలున్న చోటికి మీరొచ్చారు" అన్నట్టు నాకు స్పష్టంగా గుర్తు. 2009లో చూస్తే ఆ మాట లేదు. మీరు మా హద్దుల్లోకి వచ్చి స్థావరం కట్టారని మాత్రమే అంటాడు. బాబాయ్‌ని అడిగాను.

"ఆ బుసబుసలో ఒక్క ముక్క అర్థం కాలేదురా నాకు," అన్నాడు. "అమ్మ పక్కనే కూర్చుని, వాడెందుకు అంతమందిని చంపాడ్రా అని అడిగింది. ఏదో ఒకటి చెప్పాలిగా ఆవిడకి. పిల్లల కోసమంటే ఒప్పుకుంటుందని చెప్పా."

మావాడు నా వైపు చూశాడు. వాడి గోర్న్‌లు చేసేదంతా పిల్లల కోసమే. "చిన్నతాతయ్య అప్పుడే చెప్పేశాడు నాన్నా!" అన్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా నేను ప్రేమించిన ఆ మాట బాబాయ్ రాసిన మాట.

కాసేపటికి బాబాయ్ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "వీడు రెప్ప వేస్తున్నాడేంట్రా? అప్పుడు వెయ్యలేదే!"

మావాడు రిమోట్ అందుకుని పాత రూపానికి మార్చాడు. ఆ కళ్ళు చెక్కిన రాళ్ళలా నిలిచిపోయాయి. "ఆఁ, వీడూ," అన్నాడు బాబాయ్.

మందు కూరడం అయింది. నిప్పంటుకుంది. పొగ. గోర్న్ పడ్డాడు. కిర్క్ కత్తి ఎత్తాడు. బాబాయ్ ఒక్కసారి తలెత్తి పైన వెలుగుతున్న ట్యూబులైటు వంక చూశాడు. అది వెలుగుతూనే ఉంది. మళ్ళీ తెర వైపు తిరిగేసరికి కిర్క్ ఆగిపోయి ఉన్నాడు.

ఎవరం మాట్లాడలేదు. బాబాయ్ కుడిచేయి తిప్పి, ఏ మచ్చా లేని తన అరచేతిని కాసేపు చూసుకున్నాడు.

"నాన్న చెప్పాడు కదరా," అన్నాడు. తర్వాత మావాడితో, "కొంచెం వెనక్కి తిప్పు నాన్నా. మందు నూరేకాడికి. చెయ్యి వణుకుతోందో లేదో చూద్దాం."